టెలిస్కోపును తిప్పాలా, తిప్పించాలా?

సందేహం: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లం కలిసి పిల్లల కోసం కంప్యూటర్ మౌంటు (మోటార్లతో తిప్పే పీఠం) ఉన్న టెలిస్కోపు కొన్నాం. వాడే పద్ధతి తెలుగులో రాసి పక్కనే పెట్టాను. ‘టెలిస్కోపును గురుగ్రహం వైపు తిప్పండి’ అన్న వాక్యం చదివి ఒకాయన గొట్టం పట్టుకుని చేత్తో తిప్పేశారు. నక్షత్రాలు చూపించి సరిచేసి పెట్టిన అలైన్‌మెంట్ అంతా పోయింది. ‘తిప్పించండి’ అని రాయాల్సిందా? ‘అలైన్‌మెంట్’కు ‘సమలేఖనం’ వాడవచ్చా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ఆయన అర్థం చేసుకున్నదీ తప్పు కాదు. తాళంచెవి తిప్పు, పేజీ తిప్పు, కుళాయి తిప్పు అన్నప్పుడల్లా పని చేసేది చెయ్యే. దేనితో తిప్పాలో చెప్పకపోతే ఎవరైనా చేత్తోనే తిప్పుతారు.

‘తిరుగు’ అకర్మకం, ‘తిప్పు’ సకర్మకం, ‘తిప్పించు’ ప్రేరణార్థకం. ఈ మూడోదానికి మధ్యలో ఇంకో మనిషి కావాలి: ‘డ్రైవరు చేత బండి వెనక్కి తిప్పించాను’. మోటారును ఆ మనిషి స్థానంలో పెడితే చెవికి అతకదు, ‘ఎవరి చేత?’ అని అడుగుతారు.

మీ మౌంటు దగ్గర జరిగేవి రెండు వేర్వేరు పనులు. అలైన్‌మెంట్ చేసేటప్పుడు నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేది మనం. అక్కడ ‘బాణం బటన్లతో తిప్పండి’ అనాలి. అది అయ్యాక గురుడి పేరు ఎంచుకుని ఎంటర్ నొక్కితే వెళ్లేది యంత్రం. అక్కడ ‘టెలిస్కోపు దానంతట అదే తిరుగుతుంది, ఆగేదాకా ముట్టుకోకండి’ అనాలి. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టుకుంటూనే మౌంటు తన చూపు ఎటుందో తెలుసుకుంటుంది. క్లచ్ జారేలా చేత్తో తోస్తే ఆ కదలిక లెక్కలోకి రాదు. అక్షాల మీద విడిగా ఎన్‌కోడర్లు (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్లు) ఉన్న మౌంట్లయితే తట్టుకుంటాయి. మీది ఆ రకం కాదన్నమాట.

‘సమలేఖనం’ వద్దు. యంత్రానువాదాల్లో కనిపిస్తుంది గాని, ఎవరి నోటా వినం. వీల్ అలైన్‌మెంట్ పుణ్యమా అని ‘అలైన్‌మెంట్’ అందరికీ తెలిసిన మాటే, దాన్ని అలాగే ఉంచండి. క్రియ మాత్రం తెలుగుదే వాడండి. ‘తిరుగు, తిప్పు’ లాగే మనకు ‘కుదురు, కుదుర్చు’ ఉన్నాయి. తేదీ, సమయం, ఊరు ఇస్తే ఏ నక్షత్రం ఎక్కడుండాలో యంత్రానికి తెలుస్తుంది. తాను ఎటు తిరిగి నిలబడిందో తెలియదు. రెండు నక్షత్రాలు చూపించి దాని లెక్కకూ పైనున్న ఆకాశానికీ పొత్తు కుదిర్చేది మనమే. ఇంతకన్నా సరిపోయే క్రియ నాకు కనబడదు.

మీ కాగితాన్ని ఇలా మార్చి చూడండి:

‘రసమట్టం పెట్టి ట్రైపాడ్‌ను సమంగా నిలపండి. తేదీ, సమయం, ఊరు ఇవ్వండి. టైమ్ జోన్ +5:30, డేలైట్ సేవింగ్ ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే గంట తేడా వస్తుంది, గంటలో ఆకాశం 15 డిగ్రీలు తిరుగుతుంది. మొదటి నక్షత్రాన్ని బాణం బటన్లతో ముందు ఫైండర్‌లో (గురి చూసే చిన్న గొట్టం), తర్వాత ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకం) నడిమధ్యకు తెచ్చి కుదర్చండి. చివర్లో మాన్యువల్ చెప్పిన బాణాలే వాడండి. నక్షత్రం మధ్యను దాటిపోతే వెనక్కి తెచ్చి, మళ్లీ అదే వైపు నుంచి జరపండి. లేకపోతే గేర్ల పళ్ల మధ్య వదులు లెక్కను చెడగొడుతుంది. దూరంగా ఉన్న రెండో నక్షత్రాన్నీ ఇలాగే కుదర్చండి. ఇక గొట్టాన్ని చేత్తో తిప్పకండి.’

మీరు అడగకపోయినా ఒక మాట. నక్షత్రాల పేర్లు రెండూ పక్కపక్కన రాయండి: సిరియస్ – లుబ్ధకుడు, ఆల్డెబరాన్ – రోహిణి, స్పైకా – చిత్ర, ఆర్క్‌టరస్ – స్వాతి, ఆంటారెస్ – జ్యేష్ఠ. పంచాంగం చూసే అమ్మమ్మలకు సగం పేర్లు ముందే వచ్చు. ఏది ఏదో పిల్లలకు వాళ్లే చెబుతారు. ధ్రువనక్షత్రాన్ని మాత్రం ఈ పట్టికలో చేర్చకండి. రెండు నక్షత్రాల అలైన్‌మెంట్‌కు దానితో పనిలేదు. పైగా బెంగళూరులో అది ఉత్తరాన 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఎదుటి బ్లాకు అడ్డొస్తుంది.