మూత మీద పేరు

చెల్లీ,

నీ కథ, దాంతో పాటు నువ్వు రాసిన నాలుగు పేజీల ఉత్తరం అందాయి. కథ రెండుసార్లు చదివాను. ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టుకోలేదు. మొదటే చెప్పేస్తున్నాను, కష్టపెట్టుకోకు. నువ్వు రాయాల్సిన కథ ఆ ఉత్తరంలో ఉంది. కథ అని పైన పేరు పెట్టి పంపినదాంట్లోకి అది ఇంకా రాలేదు.

కథలో ఏముంది? బెంగళూరు రామమూర్తినగర్‌లో ఒక తెలుగు కుటుంబం. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు. బాబాయి ఇచ్చిన పాత ఆల్టో నడుపుతుంటాడు. ఒక సాయంత్రం ఎవరో అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ బ్యాగు ఎత్తుకుపోయారు. తల్లి నిర్ఘాంతపోయింది. ఆమె కాళ్ల కింద భూమి కదిలింది. తర్వాత కొడుకును దగ్గరికి తీసుకుని, వస్తువులు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు నాన్నా అంది. వాడు కళ్లు తుడుచుకున్నాడు. కథ అయిపోయింది.

మరి ఉత్తరంలో ఏం రాశావు? కారు కాలేజీ గేటు దగ్గర పెట్టానని నీ కొడుకు చెప్పాడు. నువ్వు వాణ్ని వెంటబెట్టుకుని ఆ పక్కనున్న స్టేషన్‌కి వెళ్లావు. అక్కడ హెడ్ కానిస్టేబుల్ పెన్ను తీసి, "గాడి ఎల్లి నిల్లిసిద్దె?" అని, బండి ఎక్కడ పెట్టావని కన్నడలో అడిగాడు. వాడు ఆయనకు జవాబు చెప్పకుండా నీ మొహం చూశాడు. "నాకప్పుడే అర్థమైందక్కా" అని ఒక్క ముక్క రాసి నువ్వు ముందుకు వెళ్లిపోయావు. కారు పెట్టింది కోరమంగలలో, ఫ్రెండ్ రూము ఉన్న వీధిలో. ఇంటర్నల్స్, అంటే కాలేజీలో పెట్టే పరీక్షల వారం పెట్టుకుని వాడు ఆ రోజు అసలు కాలేజీకే వెళ్లలేదు.

ఇంత పెద్ద సంగతి కథలో "పోలీసులకు ఫిర్యాదు చేశాం" అనే ఒక్క వాక్యమైపోయింది. ఎందుకు తీసేశావో నాకు తెలుసు. కొడుకు అబద్ధం నలుగురిలో పెట్టడం ఏ తల్లికీ ఇష్టముండదు. అందుకని అబద్ధం తీసేశావు. అది తీసేశాక కథలో దొంగ ఒక్కడే మిగిలాడు. వాడెవరో మనకు తెలియదు. వాడి మొహం నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. తెలియని మనిషి చుట్టూ కథ ఎంతసేపు తిరుగుతుంది?

ఇంకో మాట. ఫిర్యాదు కన్నడలో రాసిస్తే, లిపి మన లిపికి దగ్గరే కదా అని కూడబలుక్కుని చదువుకున్నానన్నావు. కన్నడలో దొంగను 'కళ్ళ' అంటారు, దొంగతనం 'కళ్ళతన'. తెలుగు చెవికి అది 'కల్ల'లా వినబడుతుంది. మనకు కల్ల అంటే అబద్ధం. పక్కన కొడుకును కూర్చోబెట్టుకుని, ఆ కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతున్న తల్లికి ఆ మాట దగ్గర వేలు ఆగదా? ఇది నేను కల్పించింది కాదు, నీ చేతిలో ఉన్న కాగితంలోదే. ఇక్కడ కాపురముంటున్న తెలుగువాళ్లకే దొరికే మాట ఇది. దాన్ని విడమర్చి చెప్పకు. వేలు ఆగడం చూపించు, చాలు.

మా వాడి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

2001లో వాడికి 19 ఏళ్లు. అప్పుడు బనశంకరిలో ఉండేవాళ్లం. మాకొక మారుతి 800 ఉండేది. వాడు పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెప్పి, ఆ డబ్బుతో దాంట్లో స్టీరియో పెట్టించుకున్నాడు. ఆ రోజుల్లో కార్ల దొంగలకు స్టీరియోలే కావాలి. అందుకే స్టీరియో ముందుండే పలక ఊడదీసి చేత్తో పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకునే రకాలు వచ్చాయి. మా వాడిదీ ఆ రకమే. ఒక రాత్రి పలక తేవడం మరిచిపోయి పడుకున్నాడు. పొద్దున చూస్తే వెనక తలుపు అద్దం లేదు, స్టీరియో ఉన్నచోట వైర్లు వేలాడుతున్నాయి.

నేను ఆ నెలలోనే కథ రాసేశాను. అందులో తల్లి ఎంత శాంతంగా ఉంటుందో! కొడుక్కి కాఫీ కలిపిచ్చి, పక్కన కూర్చుని, కష్టార్జితం విలువ గురించి చెబుతుంది. వారపత్రికలో అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. మా వాడు కూడా చదివాడు. పత్రిక మూసి బల్ల మీద పెట్టి, "ఆ పొద్దున నువ్వు నన్ను చెంప మీద కొట్టావు కదమ్మా, అది రాయలేదే?" అన్నాడు. కోపంతో అన్నది కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. ట్యూషన్ చెప్పి సంపాదించుకున్నది పోయి గుమ్మంలో నిలబడ్డ పిల్లాణ్ని నేను కొట్టాను. అది దాచేసి, కథలో వాడి మతిమరుపు మాత్రం ఊరంతటికీ చెప్పాను. ఆ కథను ఇంతవరకు ఏ సంపుటిలోనూ చేర్చలేదు. పిల్లల మీద కథ రాయబోయే వాళ్లెవరు కనబడినా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. అందుకే నీ కథ విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.

నీ కొడుకు అబద్ధం కథలోకి రావాలి. వస్తే నీ అబద్ధం కూడా దాంతో పాటు రావాలి. నాదేం అబద్ధం అంటావేమో. ఉత్తరం మూడో పేజీ తీసి చూసుకో. మదనపల్లి నుంచి మీ అత్తగారు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తారు కదా. ఆ రోజూ చేశారు. "పిల్లోడు బాగుండాడా? తిన్నాడా?" అని అడిగితే నువ్వు, "తిన్నాడత్తయ్యా, చదువుకుంటున్నాడు" అన్నావు. వాడు హాల్లో, లైటు కూడా వేసుకోకుండా కూర్చుని ఉన్నాడు. నువ్వన్న మాట వాడికి వినబడే ఉంటుంది. గంట కిందటే కారులో వస్తూ, అబద్ధం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావురా అని వాణ్ని అడిగావు. ఈ రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. రాసేటప్పుడు నువ్వు గమనించావో లేదో నాకు తెలియదు.

పెద్దావిడకు బీపీ, రాత్రంతా నిద్రపోదు, అందుకే చెప్పలేదు అంటావు. నిజమే. నీ స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని. వాడికి కూడా అలాంటి కారణమేదో ఉండి ఉంటుంది. వాణ్ని అడిగావా? ఫ్రెండ్ రూములో ఏం చేశాడు, పరీక్షకు ఎందుకు భయపడ్డాడు, కారు అద్దం చూడగానే ముందు ఎవరికి ఫోన్ చేశాడు? ఉత్తరం మొత్తంలో వాడు మాట్లాడింది రెండే మాటలు. కథలో ఇంకొంచెం మాట్లాడనివ్వు.

ఇక ఆ మూత. ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది అదే. పొద్దున నువ్వు కట్టిచ్చిన స్టీలు డబ్బా బ్యాగుతో పాటే పోయింది. మూత ఒక్కటి వెనక సీటు కింద దొరికింది. మీ అత్తగారు కొత్త కాపురానికి కొనుక్కున్న సామాను, దాని మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. మూతకు రెండు పులిహోర మెతుకులు, మెతుకులకు అంటుకుని గాజు రవ్వలు. అంటే వాడు కాలేజీ క్యాంటీన్‌లో నలుగురితో కూర్చుని తినలేదు. ఆగిన కారులో వెనక సీట్లో ఒక్కడే కూర్చుని తిన్నాడు. తల్లికి ఇది ఆ మూతే చెబుతుంది, పోలీసులు చెప్పేది కాదు. నువ్వు ఆ మూత తోముతున్నప్పుడే మదనపల్లి ఫోన్ వచ్చిందని రాశావు. చేతిలో ఆవిడ పేరు, చెవిలో ఆవిడ గొంతు. అక్కడ తొందరపడకు. ఒక పేజీ పట్టినా ఫర్వాలేదు.

'నిర్ఘాంతపోయింది' లాంటి మాటలు తీసేయమని ఇందుకే అంటున్నాను. నువ్వు నిజంగా ఏం చేశావో ఉత్తరంలో ఉంది. గ్రైండర్ చప్పుడులో వాడి రెండు కాల్స్ వినబడలేదు. మూడోది ఎత్తేసరికి కింద నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ డబ్బుల కోసం హారన్ కొడుతున్నాడు. వాడు చెప్పింది విని, ఫోన్ పెట్టేసి, నువ్వు కిందికి దిగి ట్యాంకర్‌కి డబ్బులిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని పైకొచ్చావు. పది రూపాయలు తక్కువిచ్చాడని మళ్లీ దిగావు. తర్వాత గ్రైండర్ ఆపావు. మనసు కుదుటపడనప్పుడు ఇల్లు నడిపే మనిషి చేసే పనులు ఇవే. ఆ పది రూపాయలు కథలో ఉంచు.

కొన్ని తప్పులు దిద్దుకోవాలి. ముందు అద్దం గింజలు గింజలుగా రాలి డ్యాష్‌బోర్డు మీద పడిందని రాశావు. ముందు అద్దం అలా రాలదు. రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి దాన్ని చేస్తారు, దెబ్బ తగిలితే సాలెగూడులా బీటలు వారి అక్కడే నిలబడుతుంది. మామూలుగా పక్క అద్దాలకు వాడేది గాజును బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చింది. అది పగిలితే పటికబెల్లం ముక్కల్లా రాలుతుంది. మా మారుతిలో సీటు పట్టాల సందుల్లో ఏడాది తర్వాత కూడా దొరికేవి.

కొడుకు వయసు కథలో 17 అని పెట్టావు. జాలి కలగాలని తగ్గించావనుకుంటాను. కారు లైసెన్సు 18 నిండితే గానీ ఇవ్వరు. 2019లో చట్టం సవరించాక, మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా ఉన్నాయి. ఆ వయసు పెడితే చదివేవాళ్లు అద్దం సంగతి వదిలేసి మిమ్మల్నే చూస్తారు. 19 అనే ఉంచు. చట్టానికి పెద్దవాడు, అమ్మకు డబ్బా కట్టిచ్చే పిల్లాడు. అది పలకడానికే కష్టమైన వయసు.

ఇన్‌స్పెక్టర్ చేత '379 కింద కేసు' అనిపించావు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో దొంగతనం 303. అసలు సెక్షన్ నంబరే లేకపోయినా కథకు లోటు లేదు. ఏ స్టేషన్‌లోనైనా ముందు జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకుని తర్వాత సంబంధించిన స్టేషన్‌కి పంపే వీలుంది కాబట్టి, కోరమంగల అని తెలిశాక మీరు తిరిగి రాకుండా అక్కడే రాసిచ్చారన్నది సరిగ్గానే ఉంది. ఎలా రాసినా చోటు చెప్పక తప్పదు కదా. వాడి అబద్ధం బయటపడింది కూడా ఆ చోటు అడిగినప్పుడే.

ఇన్సూరెన్స్ కంపెనీ అద్దానికీ ల్యాప్‌టాప్‌కీ డబ్బులిచ్చిందన్నది మాత్రం తీసేయి. కారు పాలసీ కారుకే. విడిగా యాడ్-ఆన్ తీసుకుంటే తప్ప లోపలి సామానుకు ఇవ్వరు. ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అద్దానికీ రాదు. నీ ఉత్తరంలో మీ ఆయన మారతహళ్లి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫోన్‌లో కాల్క్యులేటర్ తీశాడన్నావు. ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు, అందుకు ప్రీమియంలో తగ్గించే బోనస్ 50 శాతానికి చేరింది, ఇప్పుడు అద్దానికి క్లెయిమ్ చేస్తే అది పోతుంది, చేతి డబ్బుతో వేయిస్తే ఎంతవుతుంది అని లెక్కలు వేస్తున్నాడు. ఆయన వాణ్ని ఒక్క మాట అనలేదని నీకు కోపం వచ్చింది. చెల్లీ, ఆ లెక్క వేయడమే ఆ మనిషి వాణ్ని ఏమీ అనకుండా ఉండటం. నాకలా అనిపించింది. నువ్వు కూడా ఇంకోసారి ఆ టేబుల్ దగ్గరికి వెళ్లి చూడు.

భాష గురించి కొంచెమే. అత్తగారు ఫోన్‌లో ఎలా మాట్లాడతారో అలాగే రాయి. కథలో ఆవిడ చేత "నాయనా, ఆరోగ్యము ఎట్లున్నది" అనిపించావు, ఆవిడ జన్మలో అలా అని ఉండదు. నీ కొడుకు మాటల్లో కన్నడ, ఇంగ్లీషు ఎంత దొర్లితే అంత దొర్లనివ్వు. టెన్షన్ అనే చోట ఆందోళన అని రాయకు.

చివర ఆ ఓదార్పు మాటలు తీసేస్తే కథ ఎక్కడ ఆపాలి అని అడుగుతావు. అది నేను చెప్పను, నువ్వు రాస్తూ పోతే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం చేయి. అచ్చుకు పంపే ముందు వాడికి చదివి వినిపించు. వద్దంటే ఆపేయి. ఫలానాది తీసేయమంటే ఎందుకని అడుగు, బతిమాలకు. నేను ఆ పని చేయలేదు కాబట్టే చెబుతున్నాను.

ఆదివారం పొద్దున పది తర్వాత ఇంట్లోనే ఉంటాను. తిరగరాసినంత వరకు పట్టుకురా. వాడు కారులో దింపుతానంటే వాణ్నీ లోపలికి రమ్మను, పెసరట్లు వేస్తాను. మా గేటు లోపల ఒక కారు పట్టేంత చోటుంది.

ప్రేమతో,
అక్క