పేటెంట్ ఎక్కడ మొదలుపెట్టాలి? నా నాజిల్ అనుభవం

పరికరం నమూనా సిద్ధమైంది, పేటెంట్‌కి ఏం చేయాలి, ఈలోగా నలుగురికీ చూపించి అభిప్రాయం అడగొచ్చా అన్నారు. ముందు రెండో ప్రశ్నకి చెప్తాను, అక్కడ తప్పు జరిగితే మిగతాదంతా వృథా. చూపించకండి. వీడియో పెట్టొద్దు, ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లొద్దు, ఒక్కటి కూడా అమ్మొద్దు. దరఖాస్తు తేదీకి ముందే విషయం బయటపడితే అది కొత్తది కాదంటారు, బయటపెట్టింది మీరే అయినా సరే. కొన్ని దేశాలు కొంత గడువిస్తాయి గానీ దాన్ని నమ్ముకుని దిగకండి. తయారీదారుకి చూపించక తప్పదంటే ముందు గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకోండి.

నాది వీపుకి తగిలించుకునే పురుగుమందు స్ప్రేయర్‌కి నాజిల్, అంటే మందు చిమ్మే కొన. నలక అడ్డుపడితే దాన్ని విప్పి, చేతులకి మందు అంటించుకుంటూ పుల్లతో పొడుస్తారు. నోటితో ఊదేవాళ్లనీ చూశాను. అది చూడలేకే మొదలుపెట్టాను. కొనను అరతిప్పు తిప్పితే రంధ్రం వెనక్కి తిరుగుతుంది, లోపలి ఒత్తిడికి నలక బయటికి ఎగిరిపోతుంది. మొదటిసారి పనిచేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత వెతకాలి. పాత పేటెంట్లు వెతికే సైట్లు గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాసెనెట్, వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి పేటెంట్‌స్కోప్ మూడూ ఉచితమే. నేను నెల రోజులు మందు స్ప్రేయర్ల పేర్లతోనే వెతికి, ఇలాంటిది లేదని సంబరపడ్డాను. దరఖాస్తు వేశాక, దాన్ని పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ రిపోర్ట్ వచ్చింది. అందులో గోడలకి రంగు కొట్టే స్ప్రే గన్ పేటెంట్ ఒకటి చూపించారు. బొమ్మ చూడగానే గుండె జారిపోయింది. అదే అరతిప్పు, అదే వెనక్కి తిరిగే రంధ్రం! అందుకే వస్తువు పేరు వదిలేసి, అది చేసే పనిని బట్టి వెతకండి. దగ్గరగా ఉన్న పేటెంట్ ఒకటి దొరికితే దాని మీది వర్గీకరణ కోడ్ (ఏ రకం పరికరమో చెప్పే గుర్తు) పట్టుకోండి. స్ప్రే పరికరాలకైతే బి05బి. రంగు చల్లేదైనా మందు చల్లేదైనా ఆ కోడ్ కిందే కనిపిస్తాయి. నాకీ సంగతి ముందే తెలిసుంటే ఆ నెల రోజులు కలిసొచ్చేవి.

నన్ను కాపాడింది లోపలి జల్లెడ. అదే తిప్పుతో జల్లెడ కూడా కడిగేసుకుంటుంది. ఆ భాగం దరఖాస్తులోని వివరణలో బొమ్మతో సహా ఉంది కాబట్టి మొదటి క్లెయిమ్‌ని (ఇది నాదే అని హక్కు అడిగే వాక్యాన్ని) "తిప్పితే శుభ్రమయ్యే నాజిల్" నుంచి "ఆ తిప్పుతోనే జల్లెడనీ కడిగే నాజిల్"కి కుదించుకున్నాం. హక్కు చిన్నదైంది, కానీ నిలబడింది. ఫైల్ చేశాక కొత్త విషయం చేర్చనివ్వరు, ఉన్నదాన్ని తగ్గించుకోవడమే. మీ హక్కు ఎంతవరకో తేల్చేది క్లెయిమ్సే కాబట్టి ఖర్చు పెట్టేదేదైనా ఉంటే దరఖాస్తు రాసి, మన తరఫున నడిపించే మంచి పేటెంట్ ఏజెంట్ మీద పెట్టండి.

ఇక వరస. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు ఉన్న చోట దానితో తేదీ ఖాయం చేసుకుని, 12 నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. ఇతర దేశాల్లో వేసి ఆ మొదటి తేదీనే వాడుకోవాలన్నా అదే 12 నెలలు. ప్రపంచమంతా చెల్లే పేటెంట్ అంటూ ఏదీ లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఒక దరఖాస్తు వేస్తే చాలా దేశాల్లో మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా ఆలోచించుకునే వీలు దొరుకుతుంది, అంతే. 18 నెలలకి సాధారణంగా దరఖాస్తు ప్రచురిస్తారు. ఎగ్జామినర్ చేసే పరీక్ష మాత్రం చాలా దేశాల్లో విడిగా అడిగి, ఫీజు కడితేనే మొదలవుతుంది. అలా అడగడానికి ఉన్న గడువు మర్చిపోతే దరఖాస్తే పోతుంది, క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. రిపోర్ట్‌లో అభ్యంతరాలు వస్తే టెన్షన్ పడకండి, దాదాపు అందరికీ వస్తాయి. గ్రాంట్ అయ్యాక, అంటే పేటెంట్ మంజూరయ్యాక, రెన్యువల్ ఫీజులు కడుతూ ఉంటే, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు చెల్లుతుంది.

ఏజెంట్ దగ్గరికి వెళ్లే ముందు పరికరం విప్పి, భాగాలన్నీ టేబుల్ మీద పరచండి. ఒక్కోటి తీసేస్తే ఏం ఆగిపోతుందో రాసుకోండి. జల్లెడ సంగతి నేను చెప్పనేలేదు. మా ఏజెంట్ గారే దాన్ని చేతిలోకి తీసుకుని "ఇది ఇక్కడెందుకుంది?" అని అడిగి రాయించారు.