తుఫాను కబురు రాకముందే చూసుకోవాల్సినవి

చి. రవికి, పెదనాన్న ఆశీస్సులు.

కాకినాడలో సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు తీసుకున్నావని నాన్న చెప్పాడు. సంతోషం. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి. మే నెలనీ నమ్మడానికి లేదు, 2010లో లైలా తుఫాను వచ్చింది మేలోనే.

తుఫాను అనగానే అందరూ వేగం ఎంత అని అడుగుతారు. నువ్వు మాత్రం ఎక్కడ తీరం దాటుతుందో విను. బంగాళాఖాతంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అది మీకు దక్షిణాన, బాపట్ల వైపో మచిలీపట్నం వైపో దాటితే మీకు గాలి సముద్రం మీంచి కొడుతుంది, నీళ్లని ఒడ్డుకి తోస్తుంది. విశాఖ వైపు దాటితే గాలి నేల మీంచి పోతుంది కాబట్టి ఉప్పెన భయం తక్కువ. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర, ఉప్పెన తుడిచిపెట్టింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమని. పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికల్లోనూ ఇదే లెక్క ఉంది. 8, 9, 10 మూడూ తీవ్ర తుఫానువే. ఎనిమిదంటే రేవు తుఫాను దారికి ఎడమన ఉంటుందని, తొమ్మిదంటే కుడిన ఉంటుందని, పదంటే రేవు మీదుగానో పక్కగానో దాటుతుందని. మన తీరంలో కుడి అంటే ఉత్తరం, అంటే సముద్రపు గాలి. తొమ్మిదో పదో ఎగరేస్తే, అధికారులు ఖాళీ చేయమంటే, వెలుగుండగానే బయల్దేరండి.

హోరుగాలి ఉన్నట్టుండి ఆగి ఆకాశం తేటపడితే గండం గడిచిందనుకుని తలుపు తీయకండి. అది తుఫాను కన్ను. కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. కిటికీ అద్దాలకి టేపు అంటించడం ఉత్త కాలక్షేపం, అద్దం పగలకుండా అది ఆపదు. బయట ప్లైవుడ్ ముక్క బిగించు. పెరట్లో కొబ్బరిచెట్లు ఉన్నాయిగా, కాయలూ ఎండు మట్టలూ సెప్టెంబరులోనే దింపించెయ్యి. గాలిలో కొబ్బరికాయ ఫిరంగి గుండే.

కరెంటు పోతే మోటారు ఉండదు, మోటారు లేకపోతే నీళ్లుండవు. మేడ మీద ట్యాంకు అంచుదాకా నింపి మూత తాడుతో కట్టు. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువుతో కదలదు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు చొప్పున, నలుగురికి ఐదు రోజులకి ఎనభై లీటర్లు విడిగా మూతల బిందెల్లో పెట్టుకోండి. వరద తర్వాత పటిక వేస్తే మట్టి పేరుకుంటుందే గానీ క్రిములు చావవు. వడకట్టి, తెర్లేలా మరిగించే తాగాలి.

పొయ్యి వెలగని రోజుకి రెండు కిలోల అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగపప్పు ఉంచమని కోడలికి చెప్పు. మీ అత్తగారి బీపీ, సుగర్ మాత్రలు పదిహేను రోజులకి సరిపడా ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి. టవర్లు పడిపోతే ఫోన్‌పే పనిచేయదు. వందలూ యాభైలుగా మూడు నాలుగు వేలు దగ్గరుంచుకో.

ఇంట్లోకి నీళ్లొస్తున్నాయంటే మెయిన్ ఆపితే చాలదు, ఇన్వర్టరు కూడా ఆపాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు నుంచి ప్లగ్గుల్లో కరెంటు పారుతూనే ఉంటుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. దాని బ్యాటరీ నేల మీద పెట్టారని విన్నాను, మూడడుగుల ఎత్తు స్టాండు చేయించు. నీళ్లు తీశాక తడి స్విచ్చుబోర్డులు ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయొద్దు. తెగిన తీగ కనబడితే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చెయ్యి. అద్దెకి జనరేటరు తెచ్చుకున్నా వరండాలో కూడా పెట్టొద్దు, ఆ పొగ వాసన తెలియకుండానే నిద్రలో ప్రాణం తీస్తుంది.

వరద దిగాక పాములు మీ ఇంట్లోని పొడి మూలల్లోనే చేరతాయి. బట్టల మూటలోనో కట్టెల కిందో చెయ్యి పెట్టేముందు టార్చి వేసి కర్రతో కదపండి. కరిస్తే కోయడం, తాడు బిగించడం చేయకుండా కరిచిన కాలో చెయ్యో కదలనీయక 108లో పెద్దాసుపత్రికి.

ఇక గ్యాస్ బండ. నిండు బండ బరువు సుమారు ముప్ఫై కిలోలు, అది తోసే నీరు ముప్ఫై మూడు లీటర్లకి పైనే. అందుకే నిండుదైనా నీళ్లలో తేలి దొర్లుతుంది, పైపు ఊడుతుంది. వరద వచ్చేముందు రెగ్యులేటరు తీసి, క్యాప్ బిగించి, బండని గోడకి కట్టెయ్యాలి. ఆ తాడుకి గోడలో ఇనుప కొక్కెం కావాలి కదా, మేస్త్రీ ఇంకా పనిలో ఉండగానే కొట్టించు.

ఆశీస్సులతో,
పెదనాన్న