కాలేజీ ఆన్‌లైన్ కోర్సులో పాఠం మాడ్యూల్‌ని చివరిదాకా చేసినా ‘ఇన్‌కంప్లీట్’ అనే చూపిస్తోంది, మధ్యలో నెక్స్ట్ బటన్ పని చేయట్లేదు. ఎక్కడ తప్పు?

మీరు చెప్పినవి రెండు ఇబ్బందులు. ఇంట్లో ఫోన్‌లో చేస్తుంటే పన్నెండో స్లైడ్ దగ్గర నెక్స్ట్ వెలగట్లేదు. బ్రాడీపేట నెట్ సెంటర్‌లో కూర్చుని మొత్తం పూర్తి చేస్తే కాలేజీ సైట్‌లో ‘ఇన్‌కంప్లీట్’ అనే ఉంది. రెండింటి కారణాలూ వేరు.

ముందు రెండోది చూద్దాం, నష్టం దానితోనే ఎక్కువ. మీకు కనపడేది ఒక్క తెరే అయినా పని చేసేవి రెండు: పాఠం చూపించే మాడ్యూల్ ఒకటి, హాజరు రాసుకునే సైట్ ఇంకొకటి. ఎక్కడిదాకా వచ్చారో, ఎన్ని మార్కులు పడ్డాయో మాడ్యూల్ అప్పుడప్పుడూ సైట్‌కి కబురు పంపుతుంటుంది. ఆ కబురు అందకపోతే మీరు మూడు గంటలు కదలకుండా కూర్చున్నా రిజిస్టర్‌లో ఆబ్సెంటే.

చాలా మాడ్యూళ్ళు కొత్త విండోలో తెరుచుకుంటాయి. అది తెరుచుకోగానే వెనకున్న కోర్సు పేజీతో ఇక పనేముందని మూసేస్తారు. కొంప మునిగేది అక్కడే. కొత్త విండో కబుర్లన్నీ పంపేది ఆ వెనక పేజీ ద్వారానే. దాన్ని మూసేసినా వీడియోలు ఆడతాయి, క్విజ్ దిద్దుతుంది, చివర్లో ‘కంగ్రాచ్యులేషన్స్’ కూడా పడుతుంది. సైట్‌కి మాత్రం ఒక్క ముక్క చేరదు. కాబట్టి మాడ్యూల్ నడుస్తున్నంతసేపూ ఆ పేజీని మూయకండి, రిఫ్రెష్ చేయకండి, అందులోంచి ఇంకో లింకుకి వెళ్ళకండి. నెట్ సెంటర్ సిస్టమ్‌లలో పాప్‌అప్‌లు ఆపేసి ఉంటే విండో అసలు తెరుచుకోదు. అడ్రస్ బార్ చివర కనపడే చిన్న గుర్తు నొక్కి ఆ సైట్‌కి మాత్రం అనుమతి ఇస్తే చాలు.

బయటికొచ్చేటప్పుడు కూడా తొందరపడొద్దు. మాడ్యూల్‌లోనే ‘ఎగ్జిట్’ బటన్ ఉంటే అదే నొక్కి, ఒక్క అర నిమిషం ఆగండి. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే చివరి కబురు దారిలోనే ఆగిపోవచ్చు. సాధారణంగా పూర్తయిందని చెప్పే కబురు కూడా ఆ చివర్లోదే. తర్వాత కోర్సు పేజీని రిఫ్రెష్ చేసి, టిక్ పడిందని కళ్ళారా చూసుకున్నాకే లాగౌట్ అయి లేవండి.

ఒకే మాడ్యూల్‌ని ఫోన్‌లోనూ సిస్టమ్‌లోనూ ఒకేసారి తెరిచారంటే, వెనక పంపింది ముందుదాన్ని తుడిచేసే ప్రమాదం ఉంది. గుంటూరు–విజయవాడ రైల్లో టైమ్ కలిసొస్తుందని చేసేవాళ్ళూ ఉన్నారు. పాఠం వినడానికైతే సరే, సిగ్నల్ వచ్చిపోతూ ఉండే చోట క్విజ్ జోలికి మాత్రం పోకండి.

ఇక పన్నెండో స్లైడ్. నెక్స్ట్ వెలగలేదంటే ఆ స్లైడ్‌లో మీరు తాకనిది ఏదో మిగిలుందని అర్థం. బొమ్మ మీద ఐదు ప్లస్ గుర్తులుంటే నాలుగు నొక్కేసి, మూలనున్న ఐదోదాన్ని వదిలేస్తాం. నొక్కిన గుర్తుకి చాలావాటిలో రంగు మారుతుంది, మారనిది వెతకండి. ట్యాబులన్నీ తెరవాలి, తిరగేసే కార్డులన్నీ తిరగేయాలి. పెట్టెలో వాక్యం సగంలో తెగినట్టుంటే కింద ఇంకా ఉందన్నమాట, చివరిదాకా జరపాలి. కొన్ని స్లైడ్లలో వాయిస్ పూర్తయ్యేదాకా బటన్ రాదు. మ్యూట్ చేసుకోవచ్చుగానీ, వీడియో గీతని ముందుకి లాగితే లెక్కలోకి రాకపోవచ్చు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఆ ఐదో గుర్తు తెర బయటికి పోవచ్చు, అడ్డంగా తిప్పండి. సిస్టమ్‌లో అయితే కంట్రోల్, మైనస్ కలిపి నొక్కి జూమ్ 80 శాతానికి తగ్గించండి. అయినా దొరక్కపోతే ట్యాబ్ కీ నొక్కుతూ పోండి, నొక్కదగ్గ వాటి చుట్టూ ఒక్కొక్కటిగా గీత పడుతుంది. బొమ్మల్ని లాగి పెట్టే ప్రశ్నలు మాత్రం ఫోన్‌లో చేయడం దండగ, మౌస్‌తోనే చేయండి.

పాత స్లైడ్‌కి వెళ్ళాలంటే మూడు గీతల మెనూలోంచి వెళ్ళండి. బ్రౌజర్‌లో వెనక్కి బాణం నొక్కితే స్లైడ్ మారదు, మాడ్యూల్‌లోంచే బయటపడతారు. మళ్ళీ తెరిచినప్పుడు ‘రెజ్యూమ్’ అని అడిగితే ‘యెస్’ అనండి, ‘నో’ అంటే మొదటికొస్తుంది. ‘యెస్’ అన్నా ఎప్పుడూ ఒకే పాత చోటికి తీసుకెళ్తోందంటే తప్పు మీది కాకపోవచ్చు. మాడ్యూల్ సైట్‌కి కబుర్లు పంపే పద్ధతిని స్కార్మ్ అంటారు. అందులో పాతదైన స్కార్మ్ 1.2లో, మీరు ఎక్కడిదాకా వచ్చారన్న ఆనవాళ్ళు దాచుకోవడానికి 4,096 అక్షరాల చోటే ఉంటుంది. క్విజ్‌లు కిక్కిరిసిన పెద్ద మాడ్యూల్‌లో అది నిండిపోతుంది, ఆ పైన జరిగింది గుర్తుండదు. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో ఇది 64,000. మాడ్యూల్ తయారుచేసినవాళ్ళు మార్చాల్సిందేగానీ మన చేతుల్లో లేదు. అలాంటిదాన్ని ఒకే విడతలో ముగించడం ఉత్తమం.

మీరిప్పుడు చేయాల్సింది: కోర్సు పేజీలోంచి మళ్ళీ తెరిచి, ‘యెస్’ అని, చివరి స్లైడ్ దాకా వెళ్ళి ‘ఎగ్జిట్’ నొక్కి చూడండి. మొదటి స్లైడ్‌కే తీసుకెళ్తే కబురు అసలు చేరలేదన్నమాట, మళ్ళీ చేయాల్సిందే. చివరిదాకా వెళ్ళినా ‘ఇన్‌కంప్లీట్’ అంటే, అన్ని స్లైడ్లూ చూస్తే చాలా, క్విజ్‌లో పాస్ మార్కు కూడా రావాలా, ఎన్ని అటెంప్టులు ఇస్తారు అన్నది మీ మేడంగారినో సార్‌నో అడగండి. మార్కులు, టైమ్ కనపడే స్క్రీన్‌షాట్ ఒకటి దగ్గర పెట్టుకుని వెళ్ళండి. సైట్ మూడిల్ అనే కోర్సుల సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంటే ఏ అటెంప్ట్ ఎప్పుడు మొదలైందో వాళ్ళకి రిపోర్టులో కనపడుతుంది.