మీ చేనితో మాట్లాడే మట్టి

ప్రశ్న: అయ్యా, మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. వరి కోతకు మూడు రోజుల ముందు మడిలో తొలిసారి మినుములు చల్లాను, విత్తనానికి రైజోబియం అనే బాక్టీరియా ఉన్న నల్లపొడి పొట్లం పట్టించి మరీ. నెల దాటినా మొక్క పాలిపోయే ఉంది. గట్టవతల మా చిన్నాన్న ఏటా వేస్తాడు, ఏ పొట్లమూ వాడడు. ఆయన చేను నిగనిగలాడుతోంది. "మసి కొనీసి మట్టిలో కలిపీసినావురా" అని నవ్వుతున్నాడు. ఈ బాక్టీరియా సంగతి నిజమేనా?

జవాబు: చిన్నాన్నని నవ్వనివ్వండి. రేపు మీ చేలో ఒక మొక్క, ఆయన చేలో ఒక మొక్క మట్టిగడ్డతో సహా తవ్వండి. పీకితే ఈ బాక్టీరియా వేళ్ల మీద కట్టే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. బకెట్ నీళ్లలో వేరు కడిగి, బుడిపెను గోటితో గిల్లి చూడండి. లోపల గులాబీ రంగుంటే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన నెత్తుటి ఎరుపుకి చుట్టం. తెల్లగా ఉంటే పని జరగడం లేదు. ఆకుల మీద పసుపు మచ్చలుంటే మాత్రం పల్లాకు తెగులు కావచ్చు, ఆ కథ వేరు.

మినుము, పెసర, బొబ్బర, వేరుశనగ దాదాపు ఒకే తెగ బాక్టీరియాతో పొత్తు పెట్టుకుంటాయి. ఏటా అపరాలు వేసే మీ చిన్నాన్న మట్టిలో ఆ తెగ ఎప్పుడో కాపురం పెట్టేసింది. ఆయనకి పొట్లం అక్కర్లేదు, మీకే కావాలి. అయితే ఆ పొట్లంలోవి బతికున్నాయా అన్నది అసలు ప్రశ్న. ఉద్యోగంలో ఉండగా ఒక మే నెలలో నేను పొట్లాల సంచిని మోటార్ సైకిలు పెట్టెలో వేసుకుని ఎండలో రోజంతా తిరిగి, సాయంత్రం పంచాను. ఏ చేలోనూ తేడా లేదు. పాపం, రైతులు నన్నొక్క మాటా అనలేదు. నేను పంచింది ఉత్త మసి అని తరవాత తెలిసింది. మీ పొట్లం ఏ రేకుల కొట్టులో ఎన్నాళ్లు మగ్గిందో, ముందు తేదీ చూడండి. శిలీంద్రనాశని పట్టిస్తే అది ముందు. అది ఆరాక బెల్లం నీళ్లతో రైజోబియం. నీడన ఆరబెట్టి ఆ రోజే చల్లెయ్యాలి. మడిలో నీరు నిలిచినా బుడిపెకు గాలాడదు.

రైజోబియం పనికొచ్చేది అన్ని పంటలకూ కాదు. చోడికి (రాగికి) అజోస్పిరిల్లం అనే మరో బాక్టీరియా వాడతారు. అది బుడిపె కట్టదు, వేరును అంటిపెట్టుకుని పిల్లవేళ్లు గుబురుగా వచ్చే హార్మోను విడుస్తుంది. మన ఎర్ర గరువుల్లో భాస్వరం ఇనుముతో ముడిపడి ఉంటుంది; కొన్ని బాసిల్లస్, సూడోమోనాస్ బాక్టీరియా రకాలు ఆమ్లాలు వదిలి దాన్ని విడిపిస్తాయి. సూడోమోనాస్‌లో కొన్ని చుట్టూ ఉన్న ఇనుమును లాగేసుకుని తెగులు శిలీంద్రాలను పస్తు పెడతాయి కూడా. వేరు ఊరించే చక్కెరల కోసం ఇవన్నీ దాని చుట్టూ మూగుతాయి. ఆ సన్నటి మట్టి పొరకు 1904లో జర్మనీ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. పశువుల గత్తం పడని నేలలో ఈ గుంపు పలచబడుతుంది, పొట్లాలు ఎన్ని పోసినా నిలవవు.

బుడిపెలు తెల్లగా ఉంటే ఈ ఏటికి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి, ఎండ చల్లబడ్డాక ఆకుల మీద కొట్టండి. వచ్చే ఏడు మంచి పొట్లం దొరక్కపోతే, చిన్నాన్న చేలో ఎండు తెగులు లేదని చూసుకుని, ఆయన్నే ఒక తట్టెడు పైమట్టి అడగండి. విత్తనంతో కలిపి చల్లుకోవచ్చు.