రెండు 4కె మానిటర్లు 60 హెర్ట్జ్‌లో నడవాలంటే ముందు చూడాల్సింది లాప్‌టాప్ పోర్టు

మీరు చెప్పింది ఇదీ: బెంగళూరు మారతహళ్లి రూమ్‌లో 27 అంగుళాల 4కె మానిటర్లు రెండు, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్న హబ్, అంటే లాప్‌టాప్ యూఎస్‌బీ-సీ పోర్టుకి పెడితే రెండు హెచ్‌డీఎంఐలు ఇచ్చే డబ్బా. ఆఫీసు విండోస్ లాప్‌టాప్‌కి పెడితే రెండూ 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు బొమ్మ మారడం) దగ్గరే ఆగిపోతున్నాయి. రూమ్మేట్ ఎం2 మాక్‌బుక్ ఎయిర్‌కి పెడితే రెండింట్లో ఒకే బొమ్మ. హబ్ పాడైందనుకుని ఇంకోటి కొనకండి, అది చేయగలిగింది చేస్తూనే ఉంది.

ముందు విండోస్ సంగతి. 4కె 60 హెర్ట్జ్‌కి సెకనుకు దాదాపు 12.5 గిగాబిట్లు కావాలి, 30కి అందులో సగం. యూఎస్‌బీ-సీ పోర్టులో వీడియోకి వాడుకోగలిగే లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, నాలుగు. హబ్‌లో యూఎస్‌బీ 3 పోర్టులు కూడా ఉంటే మామూలుగా రెండు లేన్లు వాటికి పోతాయి. మిగిలిన రెండింట్లో డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌కి బొమ్మ పంపే పద్ధతి) 1.4 వేగంతో పట్టేది సెకనుకు 12.96 గిగాబిట్లే. అంటే 60లో ఒక మానిటర్, లేదా 30లో రెండు. లాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 దైతే 8.64 మాత్రమే, అప్పుడు ఒక్క మానిటర్‌కి కూడా 60 రాదు. హబ్ పెట్టె మీద ‘డ్యూయల్ 4కె’ అని ఉంటే చాలదు, పక్కన హెర్ట్జ్ ఎంతో చదవాలి.

మీ లాప్‌టాప్‌కి విడిగా హెచ్‌డీఎంఐ ఉందన్నారు కాబట్టి నేనైతే హబ్‌ని వీడియోకి వాడను. ఒక మానిటర్‌ని నేరుగా ఆ హెచ్‌డీఎంఐకి, రెండోదాన్ని యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే ఒకే కేబుల్‌తో కలపండి. అలా కలిపితే నాలుగు లేన్లూ బొమ్మకే వస్తాయి. అయితే హెచ్‌డీఎంఐ 2.0 అయి ఉండాలి, 1.4 అయితే అక్కడా 30 దాటదు. మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకోండి.

ఇలాంటి సెటప్‌లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కేబుళ్లే. ఫోన్ చార్జర్‌తో వచ్చే సీ-టు-సీ కేబుళ్లలో చాలావాటికి వీడియో వెళ్లే తీగలే ఉండవు, బొమ్మ రాదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒక దిశలోనే పనిచేస్తుంది. దాన్ని తిప్పి లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి పెడితే ఏమీ రాదు.

కలిపాక సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి ఒక్కో మానిటర్‌కీ 60 ఎంచుకోండి. ఆ జాబితాలో 60 లేకపోతే మానిటర్ సొంత మెనూ తెరవండి. కొన్నింట్లో హెచ్‌డీఎంఐ 1.4 మోడ్‌లోనో, డిస్‌ప్లేపోర్ట్ 1.1లోనో పెట్టి ఉంటుంది, మార్చాలి.

పోర్టు పక్కన మెరుపు గుర్తుతో 4 అంకె ఉంటే అది థండర్‌బోల్ట్ 4. రెండు 4కె 60లు ఇవ్వడం దాని నిబంధనలోనే ఉంది. థండర్‌బోల్ట్ డాక్ (ఆ పోర్టుకి పెట్టే పెద్ద హబ్) ఖరీదెక్కువే కానీ చార్జింగ్‌తో సహా ఒక్క తీగతో అయిపోతుంది.

మాక్ కథ వేరు. మామూలు ఎం1, ఎం2 చిప్‌లున్న మాక్‌బుక్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. పైగా మీ హబ్ వాడే, ఒకే తీగలో రెండు తెరల బొమ్మలు పంపే ఎంఎస్‌టీ పద్ధతిలో మాక్ ఓఎస్ రెండు వేర్వేరు తెరలు ఇవ్వదు, అందుకే ఒకే బొమ్మ. రెండోది కావాలంటే బొమ్మని కుదించి యూఎస్‌బీ డేటాగా పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్ కొని, దాని సాఫ్ట్‌వేర్ వేసి, స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి. కోడింగ్‌కి, ఎక్సెల్‌కి బాగానే ఉంటుంది. ఓటీటీ సినిమాలు మాత్రం నల్లగా కనిపించొచ్చు, గేములకి పనికిరాదు. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు నడుపుతుంది, ఎం4 తెరిచి ఉన్నా నడుపుతుంది. ఆఫీసు లాప్‌టాప్‌కి డిస్‌ప్లేలింక్ అనుకుంటే డ్రైవర్‌కి అడ్మిన్ అనుమతి కావాలి, ముందే ఐటీ టికెట్ వేయండి.

మళ్లీ ఎస్పీ రోడ్డుకి వెళ్తే లాప్‌టాప్ పట్టుకెళ్లండి. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి పెట్టి 60 చూపిస్తే ఒప్పుకోకండి, అది ఏ హబ్ అయినా ఇస్తుంది. 4కె తెర మీదే పెట్టించి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో అంకె చూశాకే డబ్బు కట్టండి.