సీసా సంగతి వదిలేయండి, రిజెక్షన్ లెటర్ తీయండి

ప్రశ్న: 2024 డిసెంబర్ 31 రాత్రి ఇంటికి వచ్చిన పదిమందికి క్రాన్‌బెర్రీ కాక్‌టెయిల్ చేద్దామని రెండు స్పార్క్లింగ్ వైన్ సీసాలు తెచ్చాం. స్టవ్ మీద క్రాన్‌బెర్రీలు, పంచదార, దాల్చినచెక్క వేసి పాకం కాస్తున్నాను. పని తొందరగా అవుతుందని సీసాల మీది తీగ తొడుగులు ముందే విప్పేసి, వాటిని స్టవ్ పక్కన గట్టు మీద పెట్టాను. పాకం వడకడుతుంటే ఒక సీసా బిరడా, ఎవరూ ముట్టుకోకుండానే, ఎగిరొచ్చి నా ఎడమ కంటికి తగిలింది. కంట్లో రక్తం చేరింది, లెన్స్ జారింది. ఆపరేషన్‌కి 1,94,000 రూపాయలయ్యాయి. మందు తాగి ఉన్నానని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిము ఇవ్వలేదు. నేను తాగింది రుచి చూడడానికి రెండు గుక్కలు. ఇంట్లో మాటలు పడలేకపోతున్నాను. వైన్ కంపెనీ మీద 20 లక్షలకు కేసు వేయాలనుంది. ట్రీట్‌మెంట్ పూర్తయ్యాక వేద్దామని ఆగాను. ఆసుపత్రి రికార్డు రూములో మా బంధువు పనిచేస్తున్నాడు. డిశ్చార్జి సమ్మరీలో మందు వాసన అన్న ముక్క తీయించి కొత్తది ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోమంటారా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు అత్తగారేమన్నారు, ఆడపడుచేమంది అన్నదే. అవి నాకూ పనికిరావు, వినియోగదారుల కమిషన్‌కీ పనికిరావు. చివర పిన్ను కొట్టి పంపిన మూడు జిరాక్సులే పనికొస్తాయి. మీరు గెలిచే కేసు వాటిలో ఉంది. మీరు వేద్దామనుకుంటున్న కేసు మాత్రం అది కాదు.

ముందు వైన్ కంపెనీ సంగతి. వస్తువులో లోపం వల్ల మనిషికి హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతుంది. నిజమే. కానీ మీ సీసాలో లోపమేది? గాజు పగల్లేదు. తీగ తెగలేదు. తీగ విప్పింది మీరే. స్పార్క్లింగ్ వైన్ సీసాలో వాతావరణ పీడనానికి ఐదారు రెట్లు ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి అది రెండింతల పైమాటే. ఆ తీగ ఉన్నది అందానికి కాదు, బిరడాను పట్టి ఉంచడానికి. దాన్ని ఊడదీసి సీసాను మరుగుతున్న పాకం పక్కన పెడితే లోపల గ్యాసు వేడెక్కి బిరడాను తోసేస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఎగిరిందని మీరు రెండుసార్లు గీత గీసి మరీ రాశారు. ఆ వాక్యం మీకు సాయం చేయదు, కంపెనీ లాయరుకి చేస్తుంది.

ఇక మిగిలింది ఒక్క వాదన: లేబుల్ మీద సరైన హెచ్చరిక లేదని. ఆహార భద్రత నిబంధనల ప్రకారం 2019 ఏప్రిల్ నుంచి ప్రతి మద్యం సీసా మీదా ఉండాల్సిన హెచ్చరిక, తాగడం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అనే. ఒత్తిడి గురించి, బిరడా గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. అందుకే ఈ వాదన వినడానికి బాగుంటుంది. కానీ అదే చట్టం 87వ సెక్షన్ చదవండి. ప్రమాదం అందరికీ తెలిసినదే అయితే హెచ్చరించలేదని తయారీదారుని తప్పుపట్టలేరు. వస్తువు వాడే సమయంలో ఫిర్యాదుదారు మద్యం ప్రభావంలో ఉన్నా హెచ్చరిక లేదన్న వాదన నిలవదు. ఈ రెండో మినహాయింపు హెచ్చరిక కేసులకే గాని, తయారీ లోపం కేసులకు కాదు. సీసా గాజే పగిలి ఉంటే మీరు రెండు గుక్కలు తాగారా, రెండు గ్లాసులు తాగారా అన్నది ఇక్కడ ఇంత పెద్ద అడ్డంకి అయ్యేది కాదు.

ఇంతకీ సీసా ఏది? మర్నాడు పొద్దున చెత్తబండికి వేసేశామని ఎంత మామూలుగా రాశారు! వస్తువులో లోపం పరీక్షిస్తే తప్ప తేలని కేసుల్లో కమిషన్ నమూనా తెప్పించి, సీలు వేసి, ల్యాబుకి పంపుతుంది. నమూనా లేకపోతే ల్యాబుకి పంపేదేమిటి? కంటికి ఆపరేషన్ జరుగుతుంటే సీసా దాచడం మీ వల్ల కాదు, ఒప్పుకుంటాను. ఇంట్లో ఇంకా పదిమంది ఉన్నారు కదా. రెండో సీసా, బిరడా, తీగ, లేబుల్ మీది బ్యాచ్ నంబరు, వీటిలో ఒక్కటి కూడా మిగలకపోవడం శుద్ధ నిర్లక్ష్యం. బిల్లు లేదు, యూపీఐలో కట్టామంటున్నారు. దానితో ఫలానా షాపుకి ఇంత డబ్బు పంపారని రుజువవుతుంది, ఏ సీసా కొన్నారో రుజువు కాదు.

ట్రీట్‌మెంట్ పూర్తయ్యేదాకా ఆగుదామన్నది మరో తప్పు. చట్టంలో 69వ సెక్షన్ ఇచ్చింది రెండేళ్లు. ఆ గడియారం దెబ్బ తగిలిన రోజున మొదలైంది. 2026 డిసెంబర్ 31తో గడువు తీరిపోతుంది. తర్వాత జరిగే ఆపరేషన్ల కోసం అది ఆగదు. కస్టమర్ కేర్‌కి ఎన్ని మెయిళ్లు పెట్టినా, లాయరు నోటీసులు ఎన్ని పంపినా ఒక్క రోజు కూడా కలిసిరాదు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది. కానీ ఆపరేషన్ అయ్యాక ఉద్యోగానికి వెళ్తున్నానని మీరే రాశాక ఏ కారణం చూపుతారు? నన్నడిగితే ఈ కేసు వేయొద్దంటాను.

ఇక అసలు కేసు. మీరు పంపిన మూడో కాగితం 2025 మార్చిలో వచ్చిన రిజెక్షన్ లెటర్. దాన్ని మీరు చదవలేదు. చదివి ఉంటే ఉత్తరం ఇంకోలా రాసేవారు. కేస్ షీటులో మద్యం వాసన నమోదైనందున పాలసీలోని పన్నెండో మినహాయింపు కింద క్లెయిము తిరస్కరిస్తున్నాం అని అందులో ఉంది. ఆ పన్నెండో మినహాయింపు ఆరోగ్య పాలసీల్లో అన్ని కంపెనీలకూ ఒకటే, దాని మాటలు కూడా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసినవే. అది చెప్పేది మద్యపాన వ్యసనానికి, మత్తుపదార్థాల దుర్వినియోగానికి, వ్యసనాలకు చేసే చికిత్స గురించి, వాటి పర్యవసానాల గురించి. కాలేయం చెడిపోయిన తాగుబోతుకి వర్తించే క్లాజు అది. కంటికి బిరడా తగలడం ఏ వ్యసనానికి పర్యవసానం? వాసన వేరు, వ్యసనం వేరు. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కంపెనీయే. క్లాజులో సందేహముంటే దాన్ని పాలసీదారుకి అనుకూలంగా చదవాలన్నది కోర్టులు ఎప్పుడో స్థిరపరచిన సూత్రం.

పోనీ మత్తులో ఉన్నారనే అనుకుందాం. రుజువేది? రక్తపరీక్ష చేయలేదు. రక్తం, మూత్రం పరీక్షించకుండా వాసనను, తూలడాన్ని బట్టి మత్తులో ఉన్నాడని తేల్చలేమని బచ్చుభాయి హసన్‌అల్లి కర్యాని కేసులో సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. అది బండి నడిపిన క్రిమినల్ కేసు, అయినా ఇన్సూరెన్స్ కేసుల్లోనూ వాదించుకోవచ్చు. అన్నిటికన్నా మంచి సాక్ష్యం కంపెనీ చేతిలోని కాగితంలోనే ఉంది. మీ కేస్ షీటు మొదటి పేజీలో మద్యం వాసన ఉందని రాసిన లైను కిందే, అదే చేతిరాతతో, కాన్షియస్, కోహెరెంట్ అని ఉంది. అంటే స్పృహలో ఉన్నారు, పొంతనగా మాట్లాడుతున్నారు. 11:35కి క్యాజువాలిటీకి వచ్చారు. 1:10కి ఆపరేషన్ ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టింది మీరే, మీ ఆయన కాదు. మత్తులో తూలుతున్న మనిషి సంతకం తీసుకుని ఏ డాక్టరూ కంటికి కత్తి పెట్టడు.

ఇప్పుడు మీ బంధువు మాట. వద్దు. ఫోను చేసి ఈ రోజే వద్దని చెప్పండి. సమ్మరీ అసలు కాపీ ఏడాది కిందటే ఇన్సూరెన్స్ కంపెనీకి చేరింది. దాని పక్కన మీ కొత్త కాగితం పెట్టగానే ఏం జరుగుతుందో ఊహించండి. రిజెక్షన్ లెటర్‌లో చెప్పని కారణాన్ని కంపెనీ తర్వాత ఎత్తుకోలేదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఈ రోజు వాళ్ల చేతిలో ఉన్నది వాసన అనే గడ్డిపోచ ఒక్కటే. దొంగ సమ్మరీ పెట్టారంటే మోసం అనే కొత్త ఆయుధాన్ని మీ చేత్తో మీరే వాళ్లకిచ్చినట్టు. కమిషన్ విచారణ కూడా న్యాయవిచారణే. అందులో వాడడానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద ఏడేళ్ల దాకా జైలు. మీ బంధువు ఉద్యోగంతో పాటు స్వేచ్ఛ కూడా పోతుంది. పైగా మీరు చెరిపేద్దామనుకుంటున్న మాటే కేస్ షీటులోనూ ఉంది, దాని కిందిదే మిమ్మల్ని గెలిపించే లైను.

చేయాల్సింది ఇది. ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి పూర్తి కేస్ షీటు, నర్సుల నోట్సు, ఒప్పుకోలు పత్రం ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఆ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే దాచమని అవే నియమాలు చెబుతాయి, కాబట్టి తాత్సారం వద్దు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి ఒక పేజీ అర్జీ రాయండి. ఏడుపు వద్దు. పన్నెండో మినహాయింపు వ్యసన చికిత్సకు సంబంధించినదని, మీది ప్రమాదమని, రక్తపరీక్ష లేదని, కాన్షియస్, కోహెరెంట్ అన్న లైను ఫలానా పేజీలో ఉందని చెప్పండి. రెండు గుక్కలు తాగిన మాట దాచకండి. క్లెయిము తిరస్కరించాలంటే కంపెనీలోని రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలని ఐఆర్‌డీఏఐ 2024 మే 29 సర్క్యులర్‌లో చెప్పింది. ఆ ఆమోదం కాపీ అడగండి. చాలాచోట్ల ఈ ఒక్క ప్రశ్నకే ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది.

నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లోని కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకటే. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మా లాయర్ల జేబుకి చిల్లే గాని చెప్పక తప్పదు. 50 లక్షల దాకా క్లెయిములు అక్కడ నడుస్తాయి. అవార్డు ఇస్తే కంపెనీ 30 రోజుల్లో పాటించాలి. మీ అర్జీకి జవాబు వచ్చిన నాటి నుంచి, జవాబే రాకపోతే ఆ నెల గడువు తీరిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఒక్క జాగ్రత్త: ఇదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. వరస తప్పితే ఒక తలుపు మూసుకుపోతుంది. అంబుడ్స్‌మన్ దగ్గర పని కాకపోతే అప్పుడు జిల్లా కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. మీరు కట్టిన ప్రీమియం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. అక్కడి రెండేళ్లు తిరస్కరణ నుంచి లెక్క, అంటే 2027 మార్చి. అంబుడ్స్‌మన్ దగ్గర ఉన్నన్నాళ్లూ అది ఆగుతుందన్న భరోసాతో మాత్రం కూర్చోకండి.

మీరు పంపిన జిరాక్సులో రిజెక్షన్ లెటర్ తేదీ సగం తెగిపోయింది. అసలు కాగితం, అది వచ్చిన కవరు ఇంట్లో ఎక్కడున్నాయో వెతికి, పోస్టు ముద్ర కనబడేలా ఫొటో తీసి ఉంచుకోండి. కవరు కూడా చెత్తబండి ఎక్కేసిందని మాత్రం రాయకండి.